చుక్కలు కలిసినంత మాత్రాన

బొగ్గు గురించి మాకెవరూ చెప్పక్కర్లేదు. గోదావరిఖనిలో కాపురం పెట్టిన ఏ ఇల్లాలినైనా అడగండి, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులోకి దిగుతుందో చెప్పేస్తుంది. మా దగ్గర గనిని గని అనరు, బాయి అంటారు. ‘‘బాయికి పోయిండు’’ అంటే డ్యూటీకి వెళ్ళాడని అర్థం. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడనీ, 1889లో తవ్వకాలు మొదలయ్యాయనీ మా పిల్లలు కళ్ళు మూసుకుని అప్పజెప్తారు. కానీ బొగ్గుతో ఉద్యోగం మొదలుపెట్టి, మనిషి ప్రాణాన్ని నడిపించే అణువు గుట్టు దాకా నడిచి వెళ్ళిన ఒక ఆడపిల్ల సంగతి మాత్రం మా ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ.

ఆ అమ్మాయి రోజలిండ్ ఫ్రాంక్లిన్. 1920లో లండన్‌లో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1942లో, బ్రిటిష్ బొగ్గు వినియోగ పరిశోధన సంస్థలో ఉద్యోగంలో చేరింది. అప్పటికి నిండా ఇరవై రెండేళ్ళు. బొగ్గు పెళ్ళ మనకి గట్టిగా, ముద్దలా కనిపిస్తుంది గానీ లోపలంతా కంటికి కనిపించని రంధ్రాలే. హీలియం లాంటి చిన్న వాయువు దూరే సందుల్లోకి కాస్త పెద్ద అణువులు దూరలేవు. జల్లెడ అన్నమాట! ఏ బొగ్గులో ఎంత సన్నపు జల్లెడ ఉందో ఆమె ఓపిగ్గా కొలిచింది. ఆ పని మీదే 1945లో కేంబ్రిడ్జి డాక్టరేటు పుచ్చుకుంది. తర్వాత పారిస్ వెళ్ళి, బొగ్గుని బాగా కాల్చితే ఏది పెన్సిల్ ముల్లులా మెత్తని గ్రాఫైట్ అవుతుందో, ఏది ఎంత కాల్చినా కాదో ఎక్స్‌రేలతో తేల్చింది. ఎక్స్‌రే అంటే ఆస్పత్రిలో రొమ్ముకి తీసేదే కాదు, పదార్థం లోపల పరమాణువులు ఏ వరసలో కూర్చున్నాయో చెప్పేది కూడా అదేనని ఆమె చేతికి అలవాటయింది అక్కడే.

1951లో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చి డి.ఎన్.ఏ. మీద పని మొదలుపెట్టింది. అంతకు ముందు తీసిన బొమ్మలన్నీ మసగ్గా ఉండేవి. ఎందుకు మసగ్గా ఉన్నాయని ఈవిడ ఆరా తీసింది. గాలిలో తేమ పెరిగితే ఆ దారం ఒక రూపంలోకి, తగ్గితే ఇంకో రూపంలోకి మారుతోంది. రెండూ కలిసిన దారానికి బొమ్మ తీస్తే అలుక్కుపోక ఏమవుతుంది? తేమని అదుపులో పెట్టి రెంటినీ విడదీసింది. అంతే, బొమ్మ తేటపడింది. వంటింట్లో అప్పడాల పిండి ఏ రోజు ఎలా సాగుతుందో తెలిసిన మనకి ఇందులో ఆశ్చర్యం లేదు గానీ, అంతవరకూ ఆ పని ఎవరూ చెయ్యలేదు.

ఇక్కడే ఒక తమాషా జరిగింది. ఆ ఏడు నవంబరులో ఆమె ఉపన్యాసం ఇస్తుంటే జేమ్స్ వాట్సన్ అనే కుర్రాడు వెళ్ళి విన్నాడు. విన్నాడు గానీ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. డి.ఎన్.ఏ.లో నీళ్ళెంత ఉంటాయో ఆమె చెప్పిన అంకె అతని బుర్రలో తారుమారై చాలా తక్కువగా గుర్తుండిపోయింది. ఆ అంకె నమ్ముకుని అతనూ ఫ్రాన్సిస్ క్రిక్కూ కలిసి మూడు పేటల నమూనా ఒకటి కట్టి, రండి చూడండని పిలిచారు. ఈవిడ వెళ్ళి చూసి, ఇంత నీరు ఎక్కడ పడుతుంది, ఫాస్ఫేట్లు లోపలెలా ఉంటాయి అని రెండు ముక్కల్లో తేల్చేసింది. నమూనా అటక ఎక్కింది. ఏడాదికి పైగా గడిచాక ఆమె కొలతల సాయంతోనే, ఆమెకి చెప్పకుండానే, వాళ్ళు సరైన నమూనా కట్టారు. ఆ అన్యాయం గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం ఆ మొదటి నమూనా కథే ఎక్కువ ఇష్టం. ఇద్దరు మగవాళ్ళు మురిసిపోతున్న బొమ్మని ఒక కొలతతో పడగొట్టడం చిన్న సంగతా? 1958లో ముప్ఫై ఏడేళ్ళకే కాన్సర్‌తో పోయింది పాపం.

ఇంతకీ ఈ బొమ్మలేమిటి, ఈ కొలతలేమిటి అని మీరు అడుగుతారు. నేను బి.ఏ. చదివినదాన్ని. మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో ఈ విద్య మీదే పరిశోధన చేస్తోంది. దాన్ని కూర్చోబెట్టి అడిగి అడిగి తెలుసుకున్నది చెబుతాను.

మన ఒంట్లో రక్తంలో ఎర్రదనం, కడుపులో అరుగుదల, వ్యాధికి ఎదురు తిరగడం, అన్నీ మాంసకృత్తుల పనే. ఒక్కొక్కటీ వందల పూసల దండ. ఆ దండ ఊరికే వేలాడదు; చుట్టుకుని, మడుచుకుని, ఒక ముద్దలా కూర్చుంటుంది. ఏ మడతలో ఏముందో తెలిస్తే ఆ మాంసకృత్తి ఏం చేస్తుందో, ఏ మందు దాన్ని ఆపుతుందో తెలుస్తుంది. మైక్రోస్కోపుకి అందనంత చిన్నది. అందుకని కోట్లాది అణువుల్ని కండచక్కెర పలుకులా స్ఫటికంగా కట్టించి, దాని గుండా ఎక్స్‌రే పంపుతారు. అవతల ఫిలిమ్ మీద చుక్కలు పడతాయి. వేల చుక్కలు. సంక్రాంతికి వాకిట్లో పెట్టిన చుక్కల్లా వరసగా, అచ్చం అలాగే.

అయితే మనకి చుక్కలు మాత్రమే ఇచ్చి, గీతలు ఎలా గీయాలో చెప్పకపోతే? ఇరవై చుక్కల్ని అత్త ఒక ముగ్గు చేస్తుంది, కోడలు ఇంకో ముగ్గు చేస్తుంది. ఇక్కడా అదే చిక్కు. ఏ చుక్క ఎంత నల్లగా ఉందో ఫిలిమ్ చెబుతుంది. ఆ చుక్కని చేసిన కిరణపు అల ఎత్తులో వచ్చిందో పల్లంలో వచ్చిందో చెప్పదు. అది తెలియనిదే బొమ్మ రాదు. 1953లో మాక్స్ పెరుట్జ్ అనే ఆయన హిమోగ్లోబిన్ స్ఫటికంలోకి పాదరసం వంటి బరువైన పరమాణువుని చొప్పించి, చుక్కలు ఎలా మారాయో చూసి, ఆ తప్పిపోయిన సమాచారాన్ని పట్టే ఉపాయం చూపించాడు. అక్కడినుంచే ఈ విద్యకి కాళ్ళొచ్చాయి.

అన్నిటికన్నా ముందు, స్ఫటికం బాగుండాలి. 1934లో కేంబ్రిడ్జిలో జె.డి. బెర్నాల్ మొట్టమొదట పెప్సిన్ అనే మాంసకృత్తికి చుక్కల బొమ్మ తీయగలిగాడు. అంతకు ముందు ప్రయత్నించినవాళ్ళు స్ఫటికాన్ని శుభ్రంగా ఆరబెట్టి తీసేవాళ్ళు, చుక్కలు పడేవి కావు. కోసిన కరివేపాకు ఎండిపోయినట్టు, నీరు పోయిన స్ఫటికం లోపల కూలిపోతుంది. బెర్నాల్ దాన్ని అది పుట్టిన ద్రవంలోనే ఉంచి సన్నని గాజు గొట్టంలో పెట్టి తీశాడు, చుక్కలు వచ్చాయి. ఆయన దగ్గర చదువుకుంటున్న అమ్మాయి ఒకతె ఆ రోజు ప్రయోగశాలలో లేదు. చేతి కీళ్ళ నొప్పులకి డాక్టర్‌కి చూపించుకోవడానికి లండన్ వెళ్ళింది. పేరు డొరొతీ, పెళ్ళయ్యాక హాడ్జ్‌కిన్.

1964లో ఆవిడకి నోబెల్ బహుమతి వస్తే ఒక బ్రిటిష్ పత్రిక, ఆక్స్‌ఫర్డ్ గృహిణికి నోబెల్ అని శీర్షిక పెట్టింది! ముగ్గురు పిల్లల తల్లి కాబట్టి గృహిణే, కాదనం. పెన్సిలిన్, బి12 విటమిన్ల ఆకారాలు తేల్చిన గృహిణి. ఇన్సులిన్‌కి మొదటి చుక్కల బొమ్మ 1935లో తీసి, 1969లో ముగ్గు పూర్తి చేసింది. ముప్ఫై నాలుగేళ్ళు! ఆ బృందంలో మన దేశం నుంచి వెళ్ళిన ఎం. విజయన్ కూడా ఉన్నాడు. ఆయన తిరిగొచ్చి బెంగుళూరులో ఈ విద్యని పాదుకొల్పాడు. అదే ఇన్సులిన్‌ని చైనాలో పెకింగ్ శాస్త్రవేత్తలు విడిగా సాధించారు. రెండు ఇళ్ళవాళ్ళు ఒకరి వాకిలి ఒకరు చూడకుండా ఒకే ముగ్గు వేస్తే, అది నిజమైన ముగ్గని నమ్మకం కుదురుతుంది.

మొదటి బిడ్డ పుట్టాక, ఇరవై ఎనిమిదో ఏట డొరొతీని కీళ్ళవాతం గట్టిగా పట్టుకుంది. వేళ్ళు వంకర్లు పోయాయి. ఎక్స్‌రే యంత్రం స్విచ్చి నొక్కలేక దానికి పొడుగాటి మీట పెట్టించుకుంది. ఆ చేతులతోనే ముల్లు మొనంత స్ఫటికాల్ని పట్టుకుని పనిచేసింది.

మా అత్తమ్మకీ అదే జబ్బు. వారానికి ఒక్కరోజు, ఆదివారం మాత్రం, ఒక మాత్ర వేసుకుంటుంది. రోజూ వేసుకునే మాత్ర కాదది; పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ చీటీ మీద ఎర్ర సిరాతో రాసిచ్చాడు. మాత్ర పేరు మెథోట్రెక్సేట్. అది పుట్టింది ఎవరి ప్రయోగశాలలో అనుకున్నారు? మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందంలో. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిన మనిషి. 1945లో వాళ్ళు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. తర్వాత దాన్ని కొంచెం మార్చి, దానికి శత్రువుల్ని తయారుచేశారు. అందులో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకి ఇచ్చి 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించాడు. పదహారు మందిలో పది మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూశారు. ఆ అన్నదమ్ముల్లో ఒకటైన మెథోట్రెక్సేట్‌ని కీళ్ళవాతానికి వాడొచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1988లో. అప్పటికి డొరొతీకి డెబ్భై ఎనిమిదేళ్ళు.

ఇప్పుడు ముగ్గు సంగతికి వద్దాం. మెథోట్రెక్సేట్‌కీ ఫోలిక్ ఆమ్లానికీ తేడా బహు స్వల్పం. ఒక ఆక్సిజన్ ఉండాల్సిన చోట నత్రజని గుంపు, ఇంకోచోట ఒక చిన్న తోక. అంతే. ఒంట్లో ఫోలిక్ ఆమ్లం ఏ పీట మీద కూర్చుంటుందో ఇదీ ఆ పీట మీదే కూర్చుని, లేవకుండా పని చెడగొడుతుంది. మనిషిని పోలిన మనిషి కాబట్టి అలాగే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. 1977లో కాలిఫోర్నియాలో శాన్‌డియాగో శాస్త్రవేత్తలు ఆ పీటకి, దానిమీద కూర్చున్న మందుకి కలిపి చుక్కల బొమ్మ తీశారు. దాన్నిబట్టి లెక్క వేస్తే, మందు తల భాగం ఫోలిక్ ఆమ్లంతో పోల్చితే తిరగబడి కూర్చుందని తేలింది! వీపు పెట్టాల్సిన చోట ముఖం పెట్టింది. తర్వాతి సంవత్సరాల్లో ఫోలిక్ ఆమ్లంతోనూ స్ఫటికాలు కట్టి చూసి, ఔను, తిరగబడిందే అని నిర్ధారించుకున్నారు.

ఇది మా అత్తమ్మకి చెప్తే, ‘‘గదంత సూసుడెందుకు బిడ్డా? మందు పన్జేస్తున్నదా లేదా?’’ అంది. ఆవిడ ప్రశ్న ఆవిడది. పాత మందుకి అక్కర్లేదు నిజమే. కొత్త మందుకి కావాలి. గొళ్ళెం ఆకారం తప్పు తెలిస్తే తాళంచెవి తప్పు చేస్తాం. 1989లో ఎయిడ్స్ వైరస్ కత్తెర లాంటి మాంసకృత్తికి మొదటి బొమ్మ వచ్చింది. అందులో దండ కొంత భాగం దారి తప్పింది. అదృష్టవశాత్తూ అలెగ్జాండర్ వ్లొదావర్ బృందం విడిగా పనిచేసి కొద్ది నెలల్లోనే సరైన దారి చూపించింది. ఆ కత్తెరకి అడ్డుపడే మందులు 1995 చివర నుంచి మార్కెట్‌లోకి వచ్చాయి. ఎంతమంది తల్లులు బిడ్డల కోసం బతికి ఉన్నారో వాటివల్ల!

బొమ్మ తప్పో ఒప్పో తెలుసుకునే గొప్ప పరీక్ష ఒకటి మన పక్క ఊళ్ళో పుట్టింది, మద్రాసులో. జి.ఎన్. రామచంద్రన్ ముప్ఫై ఏళ్ళకే, 1952లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు శాఖాధిపతిగా వచ్చాడు. చర్మంలో, ఎముకలో, స్నాయువుల్లో ఉండే కొలాజెన్ మీద పడ్డాడు. పొరుగునే తోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, తర్వాత మన నాయుడమ్మగారు డైరెక్టరైన సంస్థే. చివరికి మంచి చుక్కలు ఇచ్చింది కంగారూ తోక స్నాయువట! 1954లో ఆయనా గోపీనాథ్ కర్తా కలిసి మూడు పేటల తాడు లాంటి నమూనా ప్రకటించారు, మరుసటి ఏడు దాన్నే ఇంకా మెలిపెట్టి సవరించారు. అప్పుడు మళ్ళీ మన క్రిక్ లేచాడు. ఆయనా అలెగ్జాండర్ రిచ్ అనే ఇంకొకాయనా, మీ తాడులో పరమాణువులు ఒకదానిమీద ఒకటి పడేంత దగ్గరగా ఉన్నాయి, అలా ఉండటానికి వీల్లేదు అన్నారు.

ఇంకొకరైతే పత్రికల్లో జవాబులు రాసుకుంటూ కూర్చునేవారు. రామచంద్రన్ అసలు పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరకి రావచ్చో చూద్దామని, అప్పటిదాకా తెలిసిన స్ఫటికాలన్నిట్లో దూరాలు వెతికించాడు. క్రిక్ చెప్పిన హద్దుకన్నా దగ్గరగా ఉన్నవి కనిపించాయి. ఆ కొలతలతో, పూసకీ పూసకీ మధ్య దండ ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగితే ఒకటినొకటి గుద్దుకుంటాయో లెక్క కట్టి పటం గీశారు. సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి 1963లో ప్రకటించిన ఆ పటమే ఇవాళ ప్రపంచమంతా రామచంద్రన్ పటం అని వాడుతున్నారు. భరతనాట్యంలో మోచెయ్యి ఎటు వంగుతుందో ఎటు వంగదో మనకి తెలుసు కదా? ఎవరైనా మోచెయ్యి వెనక్కి వంచిన బొమ్మ గీస్తే, గీసినవాడు ఎంత పెద్ద చిత్రకారుడైనా తప్పే. అలాంటిదే ఇదీ. నోబెల్ ఆయనకి రాలేదు. ఆ పటం లేకుండా మాత్రం ఎవరికీ గడవదు.

చుక్కల నుంచి మొదట వచ్చే బొమ్మ మసగ్గా, పొగమంచులో కొండల్లా ఉంటుంది. అందులో పూసల దండని ఇమిడ్చి, ఇటు జరిపి అటు జరిపి మెరుగు పెడతారు. మన కంసాలి గొలుసుకి మెరుగు పెట్టినట్టు. ప్రతిసారీ, మనం గీసిన బొమ్మ నిజమైతే చుక్కలు ఎలా పడాలో లెక్క వేసి, నిజంగా పడ్డ చుక్కలతో పోలుస్తారు. తేడాని ఆర్-ఫ్యాక్టర్ అంటారు. పరమాణువుల్ని గుప్పెట పట్టి చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ పెడితే తేడా నూటికి సుమారు 59 వస్తుంది. మంచి బొమ్మకి 20 చుట్టుపక్కల, అంతకన్నా తక్కువ. ఇంకేం, తేడా తగ్గితే బొమ్మ ఒప్పు అని చాలాకాలం నమ్మారు.

అక్కడే దెబ్బతిన్నారు. 1980లలో పెద్దపెద్ద పత్రికల్లో వచ్చిన బొమ్మలు కొన్ని తప్పని బయటపడ్డాయి. ఒకరు దండని తోక నుంచి తలకి చదివారు, ఇంకొకరు స్ఫటికపు వరసనే తప్పు పోల్చుకున్నారు. 1990లో కార్ల్ బ్రాండెన్, ఆల్విన్ జోన్స్ అనే స్వీడన్ శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి మీద గట్టిగానే రాశారు. ఎక్కువ కీళ్ళున్న బొమ్మని ఎటు కావాలంటే అటు వంచి చుక్కలకి అతికించవచ్చు. చుక్కలు కలిసినంత మాత్రాన ముగ్గు ఒప్పయిపోదు.

దీనికి 1992లో ఆక్సెల్ బ్రూంగర్ ఒక మందు కనిపెట్టాడు. నాకు అది వినగానే మా బొగ్గు గుర్తొచ్చింది. మా పక్కనే రామగుండం థర్మల్ స్టేషనుంది. గని నుంచి బొగ్గు వెళ్ళేటప్పుడు గ్రేడు కట్టాలి. గ్రేడుని బట్టే ధర. వ్యాగన్ పైన మెరిసే నాలుగు పెళ్ళలు ఏరి ఇదే మా బొగ్గు అంటే కొనేవాడు ఒప్పుకుంటాడా? అందుకని ఇద్దరి మనుషులూ నిలబడి నమూనా తీస్తారు. దాన్ని పాళ్ళు పెట్టి, ఒక పాలు సీలు వేసి విడిగా దాచేస్తారు. తగాదా వస్తే ఆ సీలు తెరుస్తారు. బ్రూంగర్ చెప్పింది ఇంచుమించు అదే. చుక్కల్లో నూటికి పదో, అయిదో మొదటి రోజే విడిగా తీసి దాచెయ్యి. మెరుగు పెట్టేటప్పుడు వాటి మొహం చూడకు. చివర్లో నీ బొమ్మ ఆ దాచిన చుక్కల్ని కూడా చెప్పగలుగుతోందా చూడు. చెప్పగలిగితే నిజం. దాచినవాటి మీద లెక్కగట్టే తేడా పేరు ఆర్-ఫ్రీ.

దీని సత్తా ఎంతో చూపించడానికి ఉప్సాలాలో జోన్స్, గెరార్డ్ క్లేవెట్ అనే ఇద్దరు ఒక చిలిపి పని చేశారు. ఒక మాంసకృత్తి దండని కావాలనే తలకిందులుగా, తోకనుంచి తలకి గుచ్చి మెరుగు పెట్టారు. నూటికి నూరుపాళ్ళు తప్పు బొమ్మ. దాని మామూలు ఆర్-ఫ్యాక్టర్ ఎంతొచ్చిందో తెలుసా? సుమారు 21! ఏ పత్రికైనా కళ్ళకద్దుకుని వేసుకునే అంకె. ఆర్-ఫ్రీ మాత్రం 62 దగ్గర కూర్చుంది, చల్లిన గుప్పెడు కన్నా అధ్వాన్నం. 1995లో దీన్ని ప్రకటించారు. నవ్వుకుంటూ చేసినా ఎంత పెద్ద చురక!

మా ఆడపడుచు కూతురి గొడవ కూడా సరిగ్గా ఇక్కడే. ఆర్ 24కి దిగింది, ఆర్-ఫ్రీ 36 దగ్గర మొండికేసింది. ఎనిమిది నెలలు. అమ్మ ఫోన్ చేసి పెళ్ళి సంబంధం అంటే ఇది ఆర్-ఫ్రీ అంటుంది. బొమ్మలో నీటి అణువులు ఇక్కడొకటి అక్కడొకటి పెడుతూ పోతే ఆర్ అలా దిగుతూనే ఉంటుందట, పాలల్లో నీళ్ళు పోసినకొద్దీ గిన్నె నిండినట్టు. అది నిండుదనం కాదని దాచిన చుక్కలు చెబుతూనే ఉన్నాయి. వాళ్ళ మేడమ్ ఒకరోజు, బొమ్మ సంగతి వదిలెయ్, అసలు చుక్కల మొహం చూశావా అందిట. చూస్తే, మరీ నల్లని చుక్కలూ తక్కువే, మరీ లేత చుక్కలూ తక్కువే, అన్నీ మధ్యరకంగా ఉన్నాయి. అది కవల స్ఫటికమట! రెండు స్ఫటికాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని పెరిగి బయటికి ఒకటే అనిపిస్తాయి. ఒకదాని నల్ల చుక్క మీద రెండోదాని లేత చుక్క పడి రెండూ సరాసరి అయిపోతాయి. పొరుగింటి ముగ్గు కొట్టుకొచ్చి మన ముగ్గులో కలిసినట్టు. అది తెలుసుకోకుండా ఎన్ని గీతలు దిద్దితే ఏం లాభం? మళ్ళీ ద్రావణాలు మార్చి, మళ్ళీ స్ఫటికాలు కట్టిస్తోంది. సన్నబడిపోయింది పిల్ల.

అది అదృష్టవంతురాలు, ముందే పట్టుకుంది. అమెరికాలో స్క్రిప్స్ సంస్థలో జెఫ్రీ చాంగ్ అనే యువ శాస్త్రవేత్త 2001లో ఒక బొమ్మ ప్రకటించాడు. బాక్టీరియా తన ఒంట్లోకి వచ్చిన మందుల్ని బయటికి తోసెయ్యడానికి వాడే పంపుల జాతి అది. అలాంటి పంపుల వల్లే కదా జ్వరాలకి మందులు పనిచెయ్యడం మానేస్తున్నాయి! అందరూ భేష్ అన్నారు. స్ఫటికం నాసిరకం, చుక్కలు 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకానే పలికాయి, అంటే బాగా మసక. ఆ బొమ్మతో సరిపడని ప్రయోగాలు చేసినవాళ్ళ మాట చెల్లలేదు; వాళ్ళ వ్యాసాలు తిరిగొచ్చాయి, గ్రాంట్లు రాలేదు. 2006లో స్విట్జర్లాండ్‌లో కాస్పర్ లోకర్, రోజర్ డాసన్ అదే జాతి ఇంకో పంపుకి మంచి బొమ్మ తీస్తే రెండూ ఎక్కడా కలవలేదు. చాంగ్ తిరిగి వెతికి చూసుకున్నాడు. చుక్కల అంకెలు మార్చే కంప్యూటర్ ప్రోగ్రామొకటి, ఇంకో ప్రయోగశాల నుంచి వచ్చింది, రెండు వరసల అంకెల్ని తారుమారు చేసింది. దానితో కుడి ఎడమైంది, బొమ్మంతా అద్దంలో నీడయింది. అయిదేళ్ళలో అయిదు వ్యాసాలు! ఆ డిసెంబరులో ఆయనా, సహచరులూ ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి చెప్పి, అందులో వచ్చిన వ్యాసాల్ని వెనక్కి తీసుకున్నారు.

అది తెలియక జరిగింది. తెలిసి జరిగింది కూడా చెప్పాలి. 2006లో అలబామా విశ్వవిద్యాలయం నుంచి ఒక బొమ్మ వచ్చింది, రక్తంలో రోగాలతో పోరాడే మాంసకృత్తిది. అదే మాంసకృత్తిని సాధించిన హాలండ్ బృందం, ర్యాండీ రీడ్, బ్రూంగర్‌లతో కలిసి దాని చుక్కల్ని పరీక్షించింది. స్ఫటికంలో అణువుకీ అణువుకీ మధ్య నీరుంటుంది, ఆ నీటి జాడ చుక్కల్లో కనిపించి తీరాలి. కనిపించలేదు. అంతేకాదు, ఆ స్ఫటికంలో అణువుల పొరలు ఒకదాన్నొకటి తాకడమే లేదు, కప్పుకీ నేలకీ మధ్య దిమ్మెలు తీసేసిన బాయిలా గాలిలో నిలబడ్డాయి! మా వాళ్ళనడిగితే చెబుతారు అలాంటి కప్పు ఎంతసేపు నిలుస్తుందో. 2009లో విశ్వవిద్యాలయం విచారణ చేసి, ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన పదకొండు బొమ్మలు కల్పితమై ఉండొచ్చని ప్రకటించింది. వాటిలో డెంగీ వైరస్ కత్తెర బొమ్మ ఉంది. దానికి పెసరగింజలోని ఒక పదార్థం ఎలా అడ్డుపడుతుందో చూపించే బొమ్మ కూడా ఉంది. వానాకాలం వస్తే మా ఏరియా ఆస్పత్రిలో డెంగీ పిల్లలకి మంచాలు చాలవు. లేని బొమ్మ చూసి ఎవరెవరు ఎన్నేళ్ళు మందు కోసం వెతికారో తలుచుకుంటే ఒళ్ళు మండింది.

2008 నుంచి బొమ్మతోపాటు చుక్కల కొలతలు కూడా అప్పజెప్పి తీరాలని రూలు పెట్టారు. ఈ బొమ్మలన్నీ దాచే ఖజానా ఒకటుంది, 1971లో ఏడే ఏడు బొమ్మలతో మొదలైంది, ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. ఎవరైనా, డబ్బు కట్టకుండా, తీసి చూసుకోవచ్చు. తప్పని తేలిన బొమ్మని అందులో చించి పారెయ్యరు. ఇది చెల్లదని రాసి, విడి అరలో ఉంచుతారు.

చాంగ్ ఆ పని మానలేదు. 2009లో ఆయన బృందం ఎలుకలో ఉండే ఇంకో పంపుకి బొమ్మ తీసింది, కాన్సర్ మందుల్ని కణం బయటికి తోసేసే పంపు. ఈసారి కుడి ఎడమలు సరిగ్గానే ఉన్నాయి. అయితే చుక్కలు అంత తేటగా లేవు, దండలో కొన్ని పూసలు ఒకటి రెండు స్థానాలు పక్కకి జరిగి ఉన్నాయి. ఆ వ్యాసం రాసినవాళ్ళలో మొదటివాడైన స్టీఫెన్ ఆలర్ 2014లో తన శిష్యులతో అదే పాత చుక్కల్ని మళ్ళీ ముందేసుకుని, ఒక్కొక్క పూసా సరిచేసి, తన పాత బొమ్మని తీసి విడి అరలో పెట్టించి, కొత్తది దాని చోట ఉంచాడు.